ఇరవై ఒకటో ఇంటి నాద్య

పేర్లు రాసే పంతులమ్మ ఇంకా పదిహేడో ఇంటి దగ్గరే ఉందట. గోడ అవతలి నుంచి అనసూర్య ఆ మాట చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయింది. సుగుణమణి కుర్చీని వాకిట్లో నీడ ఉన్న వైపు జరుపుకుని కూర్చుంది. నిన్న ఎవరో వచ్చి తలుపు మీద అంటించిపోయిన కాగితంలో ఇరవై ఒకటి అని ఉంది. ఇంటికి పావుగంట అనుకున్నా ఇంకో గంట. గంటకు ఆ పంతులమ్మ వచ్చి ఇంట్లో ఎంతమంది అని అడుగుతుంది, తను చెప్పాలి. ఒకరంటే ఒక బాధ, ఇద్దరంటే ఇంకో బాధ. మూడు రోజులుగా ఆమె ఈ రెండు మాటల మధ్యనే తిరుగుతోంది. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, కవర్లో ఆధార్ కార్డు, రేషన్ కార్డు, గ్యాసు పుస్తకం, కరెంటు బిల్లు. వాటన్నిటి కింద పదో తరగతి మెమో. దాన్ని ఎవరూ అడగరని తెలిసీ పెట్టుకుంది.

కొత్త రాష్ట్రం వచ్చి ఇంకా మూడు నెలలు కాలేదు. ఒక్క రోజులో రాష్ట్రమంతా ఇంటింటికీ తిరిగి రాస్తారనీ, ఆ రోజు ఇంట్లో కనపడని మనిషి లేనట్టేననీ గల్లీ అంతా ఒకటే మాట. రేషన్ పోతుందని ఒకరు, పింఛన్ పోతుందని ఒకరు, అసలు ఈ రాష్ట్రం మనిషే కాదంటారని మరొకరు. అందుకని భివండీ నుంచి, సూరత్ నుంచి, దుబాయి నుంచి కూడా వచ్చారు. రైళ్ళలో నిలబడి, లారీల మీద ఎక్కి వచ్చారు. అనసూర్య కొడుకు రఘుపతి భార్యనూ ఇద్దరు పిల్లలనూ తీసుకుని మొన్న పొద్దున దిగాడు. గోదావరిఖనిలో ఇవాళ ఆటో లేదు, దుకాణం లేదు, గల్లీలో ప్రతి ఇంటి ముందూ నాలుగు జతల చెప్పులు ఎక్కువున్నాయి. ప్రతి ఇంట్లోనూ కోడికూర ఉడుకుతోంది. ఇంతమంది పిల్లలు ఒక్కసారే ఇళ్ళకు రావడం ఏ పండుగకూ చూడలేదు. వస్తున్నారు, అందరి పిల్లలూ వస్తున్నారు. నిన్న సాయంత్రం తను రెండుసార్లు గల్లీ చివరి దాకా ఎందుకు వెళ్ళిందో సుగుణమణికి తెలుసు. పొద్దున బియ్యం రెండు గ్లాసులు ఎందుకు కడిగిందో కూడా తెలుసు. రాసుకుంటే రాసుకోనీ, లేకపోతే పోనీ, ఒక్కసారి వచ్చి ఈ వాకిట్లో నిలబడితే చాలు అనుకుంది. అనుకుంటున్నప్పుడే ఛీ అనుకుంది. తెలిసి కూడా అనుకోవడం ఏమిటి.

బిడ్డ పేరు నాద్య అనగానే ఆ పంతులమ్మ కలం ఆపుతుంది, అది ఖాయం. ఆ పేరు విని ఆగని మనిషి లేడు. బడిలో పెద్దసారు ఆగి, చివరికి నాదమ్మ అని రాసుకుంటే, మొగుడు గిడియోన్ డ్యూటీ బట్టలతోనే వెళ్ళి గంటసేపు నిలబడి దిద్దించాడు. గోదావరి పక్కన పుట్టింది కాబట్టి నది అని పెట్టారేమో అనుకున్న వాళ్ళున్నారు. అనసూర్యకు చివరిదాకా అది నాదెక్కే. పాస్టరయ్య అయితే ముఖమే చిట్లించాడు, రష్యావాళ్ళకు దేవుడు లేడు కదా, వాళ్ళ పేరు బాప్తిస్మానికి ఎట్లా పనికొస్తుందన్నాడు.

ఆ పేరు మాత్రం ఒక మనిషిది. ఎనభై మూడులోనో నాలుగులోనో గిడియోన్ పనిచేసే బొగ్గుబాయి మీదికి ఇద్దరు రష్యా ఇంజనీర్లు కొత్త మిషన్ నేర్పడానికి వచ్చారు. వాళ్ళ మాట ఇంగ్లీషులోకి మార్చి చెప్పడానికి ఒకామె. ఆరడుగుల మనిషి, గోధుమ రంగు జుట్టు, మగవాళ్ళలాగా బూట్లు, తలకు టోపీ. కార్మికులంతా ఆమెను వింతగా చూస్తుంటే గిడియోన్ ఆమె పేరు అడిగాడట. అసలు పేరు నదేజ్దా, ఇంట్లో పిలిచేది నాద్య. అర్థమేమిటని క్లర్కుతో అడిగించాడు. మా భాషలో అది పేరు కాకముందు మామూలు మాట, ఆశ అని అర్థం, రేపు బాగుంటుందని అనుకోవడానికి రోజూ వాడే మాట అని చెప్పిందట. ఆయన ఇంటికొచ్చి పళ్ళెం ముందు కూర్చుని అన్నం కలపకుండా అదే చెప్పాడు. పెళ్ళయి ఎనిమిదేళ్ళకు తనకు నెల తప్పిన రోజులవి. పుస్తకాల వ్యాను వచ్చినప్పుడల్లా రష్యా పుస్తకాలు కొనేవాడు, నున్నటి కాగితం, పాపల బొమ్మలు. యూనియన్ మీటింగులంటే చర్చి మానేసేవాడు. ఆ ఇష్టమంతా ఒక పేరులోకి వచ్చి చేరినట్టయింది. ఆడపిల్ల పుడితే నాద్య. అడగడం కాదు, చెప్పడమే.

ఆ రష్యా మనిషి ఇంకోటి కూడా చెప్పిందట, ఇంజనీర్లు పక్కన లేనప్పుడు, చిన్న గొంతుతో. ఆ పేరు మా అమ్మమ్మల చర్చిలోంచి వచ్చింది, పాతకాలంలో ముగ్గురు అక్కచెల్లెళ్ళు ఉండేవారు, వేరా, నదేజ్దా, ల్యుబోవ్, అంటే విశ్వాసం, ఆశ, ప్రేమ. దేవుణ్ణి వదలబోమన్నందుకు ముగ్గురినీ తల్లి కళ్ళ ముందే చంపారు. తల్లి పేరు సోఫియా, జ్ఞానం. ఆమె బిడ్డలను పూడ్చుకుని, సమాధుల దగ్గర మూడు రోజులు కూర్చుని, అక్కడే ప్రాణం విడిచింది. సెప్టెంబరులో ఆ ముగ్గురి పేర్లున్న వాళ్ళందరికీ పండుగ, ఇళ్ళల్లో కేకులు చేసుకుంటారు. గిడియోన్‌కు ఆ కథలో కేకే గుర్తుంది. సుగుణమణికి సోఫియా గుర్తుండిపోయింది. కడుపుతో ఉన్నదానికి ఎవరైనా చెప్పే కథేనా అది. చచ్చిపోయిన పిల్ల పేరు నా బిడ్డకెందుకు అని ఏడ్చింది. కానీ ఆ మూడు మాటలూ ఆమెకు తెలిసినవే. ప్రతి పెళ్ళిలోనూ పాస్టరయ్య చదివే మూడు మాటలు, విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ. మధ్యది నిరీక్షణ. అదే నాద్య. చర్చి బాప్తిస్మం పుస్తకంలో నిరీక్షణ అని రాయించి, ఇంట్లో నాద్య అని ఒప్పుకుంది. చర్చిలో ఆ మాటకు ఆశ అని అర్థం. బయట ఆ మాటకు ఎదురుచూడడం అని అర్థమని, పిల్ల ఎనిమిదో తరగతిలో తెలుగు సారు దగ్గర నేర్చుకుని వచ్చి చెప్పింది. నువ్వు నాకు రెండు పేర్లు పెట్టినవమ్మా, రెండూ ఒకటే, అని నవ్వింది.

ఆ నవ్వులో కింది పన్ను ఒకటి పక్కకు ఉండేది. దండెం మీది బట్టల మీద బొగ్గు దుమ్ము పడితే దులిపేది కాదు, వేలితో దాని మీద పేరు రాసేది. ఒక తెల్ల దుప్పటి మీద పెద్దగా నాద్య అని. తను తిట్టుకుంటూ ఉతికింది. ఇప్పుడైతే ఉతికేదా. పిల్లల అరుపులు. రఘుపతి కొడుకు గోడెక్కి తనకేసి చూస్తున్నాడు, వాడి నోట్లో కోడి ఎముక. వాళ్ళ నాన్నా నాద్యా ఒకే బెంచీ. పదో తరగతిలో వాడు లెక్కల్లో పోతే అది సప్లిమెంటరీకి చదివించింది, ఇదే వాకిట్లో, ఇదే కుర్చీలో కూర్చుని.

పద్దెనిమిదో ఇల్లు అయిపోయిందట.

రెండు వేల రెండు, డిగ్రీ రెండో ఏడు. కరీంనగర్‌లో పరీక్ష ఫీజు కట్టాలని పొద్దున్నే వెళ్ళింది, సంచిలో రెండు జతల బట్టలు ఎందుకని అడిగితే స్నేహితురాలి దగ్గర ఉంటానంది. నాలుగో రోజున తెలిసింది, అడవిలోకి పోయి నక్సలైట్లలో కలిసిందని. దాని ఈడు పిల్లలు అప్పుడు ఆ బొగ్గు బెల్టులో చాలామంది పోయారు, పోయినవాళ్ళ ఇళ్ళు ఎట్లా ఉంటాయో గల్లీకి తెలుసు. ఆ రాత్రి సుగుణమణి మొగుణ్ణి అన్న మాటలు ఇప్పటికీ ఆమె నోట్లో చేదుగా ఉన్నాయి. నీ పుస్తకాలు, నీ మీటింగులు, నీ రష్యా పేరు, పుట్టిన రోజునే దాన్ని రాసిచ్చినవు అంది. ఆయన డ్యూటీకి వెళ్ళాడు, వచ్చాడు, ప్రతి పూటా పళ్ళెం ముందు కూర్చుని నాద్య తిన్నదో లేదో అన్నాడు. ఆ నాలుగేళ్ళలో ఆయన ఆ పేరు తలవని పూట లేదు. వాన పడితే నాద్య తడుస్తుందేమో. జామకాయ కోస్తే నాద్యకు దోరవి ఇష్టం.

ఒక్కసారి చీటీ వచ్చింది, ఎవరో బీడీల ఆకు తెచ్చే మనిషి ఇచ్చి పోయాడు. అమ్మా, నేను బాగున్నాను, బాపును దుమ్ముకు ముఖానికి గుడ్డ కట్టుకోమను, ఇక్కడ నాద్య అంటే ఎవరికీ నోరు తిరగడం లేదు, అందుకని పూలమ్మ అని పెట్టుకున్నాను, నీకు నచ్చుతుందిలే. చదివి గిడియోన్ చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తను మాత్రం లోపల్లోపల సంతోషపడింది, ఆ మాట ఎవరితోనూ అనలేదు. చచ్చిపోయిన పిల్ల పేరు పోయింది, మామూలు పేరు వచ్చింది, ఇక భయం లేదనుకుంది. ఎంత పిచ్చి. పేరు మార్చుకుంటే చావు ఇల్లు మరిచిపోతుందా.

రెండు వేల ఆరు, మే. అడవిలో కాల్పులు, ముగ్గురు చనిపోయారు, పేపర్లో ముగ్గురి ఫొటోలు, మధ్యది ఆడమనిషి, ముఖం సరిగ్గా లేదు. కింద పూలమ్మ, ఊరు తెలియదు. పేపరు అనసూర్య ఇంట్లో చూసింది తను. గిడియోన్ చొక్కా వేసుకుని ఒక్కడే బస్సెక్కాడు, శవాలు పెట్టిన దవాఖాన ఉన్న ఊరికి. ఆ రోజు తను వాకిట్లో ఇట్లాగే కూర్చుంది, ఈ నీడ ఇట్లాగే గోడ మీదికి పోయింది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగుకు గిన్నెలు గల్లుమన్నాయి. ప్రభువా, ఎవరి బిడ్డయినా కానీ, నా బిడ్డ మాత్రం కానియ్యకు అని ప్రార్థించింది. ఇంకో తల్లి బిడ్డ చావాలని ప్రార్థించింది తను. ఆ పాపానికి క్షమాపణ ఇంతవరకూ అడగలేదు.

మర్నాడు పొద్దెక్కాక వచ్చాడు. తల తడిగా ఉంది, చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది. ఉక్కపోస్తే గోదారిలో మునిగిన అన్నాడు. చావు చూసి వచ్చి తల మీద నీళ్ళు పోసుకోవడం వాళ్ళ చర్చిలో లేదు, కానీ ఊళ్ళో ఆయన తల్లి చేసేది. తను అడగకముందే చెప్పాడు.

"మన బిడ్డ కాదు, సుగుణా. అడవిల ఎంతమంది పూలమ్మలో."

అప్పుడు తను ఏం చేసింది. మోకాళ్ళ మీద పడి దేవునికి స్తోత్రం చెప్పింది. పొయ్యి వెలిగించి గుడ్డు కూర చేసింది. ఆయన పళ్ళెం ముందు కూర్చున్నాడు, తిన్నాడు. నాద్య తిన్నదో లేదో అని అనలేదు. ఆ పూట అనలేదు, మరుసటి పూట అనలేదు, వాన పడినా అనలేదు, జామచెట్టు కాసినా అనలేదు. నెల తిరిగేసరికి సుగుణమణికి తెలిసిపోయింది. ఎవరూ చెప్పలేదు, తెలిసిపోయింది. ఆయన బిడ్డను చూశాడు, నా బిడ్డ కాదని దవాఖానలో పోలీసులకు చెప్పాడు, ఇంటికొచ్చి తనకూ చెప్పాడు. ఎందుకని ఎన్నిసార్లు అడగబోయింది. భయపడ్డావా. లేక నేను బతకాలని చెప్పావా. అడిగితే ఆయన నిజం చెబుతాడు. చెబితే అయిపోతుంది. అందుకని అడగలేదు. తలుపు గడియ పెట్టకుండా పడుకునేది, బిడ్డ వస్తే తట్టాల్సిన పని లేకుండా. ఆయన చూసేవాడు, లేచి గడియ పెట్టేవాడు కాదు. ఒకే మంచం మీద ఇద్దరూ నాలుగేళ్ళు ఒకరికొకరు అబద్ధం కాపలా కాశారు. కోపం కూడా వచ్చేది. సోఫియా అయినా బిడ్డలను తన చేతులతో పూడ్చుకుంది. మట్టి దగ్గర కూర్చుంది. నాకు ఆ మట్టి కూడా లేకుండా చేశావు కదా గిడియోన్, నువ్వు పెట్టిన పేరే కదా, దాని పక్కన నిలబడి ఇది నాదే అనడానికి నీకు నోరెట్లా రాలేదు.

ఊపిరితిత్తుల నిండా బొగ్గు దుమ్ముతో ఆయన రెండు వేల పదిలో పోయాడు. చివరి మధ్యాహ్నం దవాఖానలో, ముక్కుకు పెట్టిన గొట్టం పక్కకు జరిపి, ఆయాసం ఆపుకుంటూ చెప్పాడు.

"ఇగ తలుపుకు గడియ పెట్టుకోని పండుకో."

అంతే. ఆయన ఒప్పుకోవడం అదే. తను తల ఊపింది, ఇంటికొచ్చాక పెట్టలేదు.

పందొమ్మిది, ఇరవై. ఇరవయ్యోది అనసూర్య ఇల్లు. గోడ అవతల ఒక్కొక్కరి పేరూ వినపడుతోంది. లింగమూర్తి, యాభై తొమ్మిది. అనసూర్య. రఘుపతి. ముంబైలో ఏం పని అని అడుగుతోంది ఆ పంతులమ్మ, మర మగ్గం అని వాడు చెబుతున్నాడు. కోడలు, మనవడు, మనవరాలు. ఆరుగురు. ఆరుగురి పేర్లు చెప్పడానికి ఎంత గొంతు కావాలి. ఇద్దరని చెబితే ఏమవుతుంది. ఎక్కడుందని అడుగుతుంది. చదువుకోవడానికి పోయిందంటే ముప్పై ఏళ్ళ పిల్ల ఏం చదువంటుంది. పెళ్ళయి పోయిందంటే ఆ ఇంట్లో రాస్తారులే అంటుంది. అది ఏ ఇంట్లోనూ లేదు. ఇరవై ఒకటో ఇంట్లో లేకపోతే ఇంకెక్కడా లేదు. ఒకరని చెబితే, ఆయన ఎనిమిదేళ్ళ కింద పోలీసుల ముందు అన్న మాట తనూ అన్నట్టే. గిడియోన్, నీకు ఇట్లాగే ఉండిందా. కాళ్ళ కింద ఇట్లాగే ఖాళీగా ఉండిందా.

పంతులమ్మ వచ్చింది. జ్యోతినగర్ పిల్ల, పేరు హర్షిణి అని చెప్పింది, పాతికేళ్ళుంటాయేమో, చెమటకు జుట్టు నుదుటికి అంటుకుపోయింది. మంచినీళ్ళు తాగి, అరుగు మీద కూర్చుని, ఒళ్ళో అట్ట పెట్టుకుంది. పేరు, వయసు, మతం, ఇల్లు సొంతమా అన్నీ రాసుకుంది. తర్వాత పిల్లలెంతమంది అని అడిగింది. ఒక బిడ్డ అని చెప్పింది సుగుణమణి. పేరు అడిగింది. నాద్య అంది. అనుకున్నట్టే కలం ఆగింది. ఎట్లా రాయాలమ్మా అని హర్షిణి అడిగితే, కవరు అడుగు నుంచి మెమో తీసి చూపించింది. మంచి పేరమ్మా, ఎన్నడూ వినలేదు అంటూ ఆ పిల్ల ఒక్కో అక్షరం చూసి రాసుకుంది. రాస్తుంటే సుగుణమణి ఆ వేళ్ళనే చూసింది. ఎన్నేళ్ళయింది ఆ పేరును ఎవరైనా కాగితం మీద పెట్టి.

"వచ్చిందా అమ్మా? ఇయ్యాల ఇంట్ల ఉన్నోళ్లనే రాయాలె."

పొయ్యిల చప్పుళ్ళు, పిల్లల అరుపులు, ఎవరి ఇంట్లోనో టీవీ. అన్నీ దూరం జరిగాయి. చర్చిలో చావును చెప్పే మెత్తటి మాటలు చాలా ఉన్నాయి, ప్రభువు పిలుచుకున్నాడని, నిద్రించిందని. ఒక్కటీ నోటికి రాలేదు.

"రాదు బిడ్డా. సచ్చిపోయింది. ఎనిమిదేండ్లయింది."

హర్షిణి తలెత్తి చూసింది. రాసిన పేరు మీద గీత పెట్టాలి, పెట్టలేక కలం పట్టుకుని అట్లాగే కూర్చుంది. అయితే మీరొక్కరేనా అని మెల్లగా అడిగింది. ఒక్కదాన్నే, పేరు కొట్టెయ్యి, ఏం కాదు అని సుగుణమణే చెప్పింది. చెప్పి మెమోను మళ్ళీ కవరు అడుగున పెట్టుకుంది.

గోడ అవతల గరిటె కింద పడిన చప్పుడైంది. అనసూర్య పరుగున వచ్చి, తడి చేతులతోనే ఆమెను పట్టుకుని కింద కూర్చోబెట్టి, తనూ కూర్చుని, అక్కా అంటూ గుండె మీద కొట్టుకుని ఏడవసాగింది. ఎప్పుడని అడగలేదు, ఎట్లా అని అడగలేదు. ఆ ఏడుపు మధ్యలోనే సుగుణమణికి అది తట్టింది. ఇప్పుడే విన్న మనిషి ఏడుపు కాదిది. ఆమె అనసూర్య గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది.

"నీకు ముందే తెల్సా?"

"అందరికి తెల్సక్కా. గిడియోన్ బావ ఆనాడే చెప్పిండు. నువ్వు నీ నోటితోని అనేదాంక ఎవ్వలం అనద్దని మా అందరితోని మాట తీసుకున్నడు."

గల్లీ అంతా. ఎనిమిదేళ్ళు. బోరింగు దగ్గర బిందె ముందుకు జరిపి నువ్వు పట్టుకోక్కా అన్నవాళ్ళు, ఎవరి బిడ్డ పెళ్ళి కార్డు తెచ్చినా కళ్ళలోకి చూడని వాళ్ళు, క్రిస్మస్‌కు నాద్య చదివిన బడి పిల్లలను పంపి ఇంట్లో పాట పాడించిన వాళ్ళు. ఇంతమంది నోరు మూసుకుని తన చుట్టూ తిరిగారు. తనకేమో తనొక్కతే దాస్తున్నట్టు. అప్పుడొచ్చింది ఏడుపు, కడుపులోంచి, ఊరి ఆడవాళ్ళ ఏడుపు, పేరు పెట్టి ఏడ్చే ఏడుపు. నా నాద్యా, నా నిరీక్షణా. ఇవాళ అందరూ ఇళ్ళల్లోనే ఉన్నారు. పదిహేడో ఇంటి వాళ్ళు వచ్చారు, పందొమ్మిదో ఇంటి వాళ్ళు వచ్చారు, ఇంకా రాయించుకోని ఇళ్ళ వాళ్ళూ వచ్చి చావింట్లో కూర్చున్నట్టు వాకిలి నిండా కూర్చున్నారు. ఎవరో వెళ్ళి అనసూర్య పొయ్యి ఆర్పి వచ్చారు. హర్షిణి తర్వాతి ఇంటికి పోవాల్సింది, కానీ ఆ ఇంటి వాళ్ళు ఇక్కడే ఉన్నారు. కాగితాలు సంచిలో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది.

రఘుపతి చాలాసేపు గోడ అవతల నిలబడి, చెప్పులు విప్పి వాకిట్లోకి వచ్చాడు. ఆమె ముందు గొంతుక్కూర్చుని తల దించుకునే చెప్పాడు. గిడియోన్ పెద్దబాపు తమ నాన్నకు అంతా చెప్పాడట. దవాఖానలో కాదన్నాడు గానీ అక్కడి నుంచి కదల్లేదట. ఎవరూ రాని శవాలని ఊరి బయట పూడ్చిపెడుతుంటే, రోడ్డు అవతల చెట్టు కింద నిలబడి మట్టి వేసేదాకా ఉన్నాడట. తర్వాత దగ్గరికి పోయి తలవైపు ఒక రాయి పెట్టి వచ్చాడట. ఏ ఊరు, ఏ వాగు పక్కన, ఎన్నో రాయి, అంతా నాన్నకు గుర్తుందని చెప్పాడు.

"రేపు నేను తోల్కపోత, పెద్దమ్మా."

సుగుణమణి కొంగుతో ముఖం తుడుచుకుంది. వాకిట్లో అందరూ ఆమె ఏమంటుందో అని చూస్తున్నారు. ఎన్ని గంటల దారి అని అడిగింది.

"నాలుగు గంటలు."

నాలుగు గంటలేనా అందామె. ఆమె మళ్ళీ అదే మాట, ఈసారి తనలో తాను అనుకుంది. నాలుగు గంటలు.